ఓటీపీ చెప్పకపోయినా ఖాతా ఎలా ఖాళీ అవుతోంది?

బ్యాంకు పంపే ప్రతి మెసేజ్ చివర ఒకటే మాట: మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఏళ్ల తరబడి వింటున్న మాటే, ఇప్పటికీ పాటించాల్సిన మాటే. కానీ డబ్బు పోవడం ఆగలేదు సరికదా, ఇంకా పెరిగింది. 2023లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది దాదాపు 7,465 కోట్ల రూపాయలని, 2024లో అది 22,845 కోట్లకు చేరిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఏడాది తిరిగేసరికి మూడింతలు! ఆ ఏడాదిలో జనం ఉన్నట్టుండి మూడింతలు అమాయకులైపోయి ఉండరు కదా. మోసం తీరు మారిపోయింది. మనం ఒకరికొకరు చెప్పుకునే జాగ్రత్తలు మాత్రం పాత మోసం దగ్గరే ఉండిపోయాయి.

ఖాతాలోంచి డబ్బు పోయే దారులు స్థూలంగా రెండు. మనకు తెలియకుండా, మన ప్రమేయం లేకుండా పోయేది ఒకటి. మనమే పిన్ కొట్టి, మన వేలితోనే పంపేది రెండోది. పోలీసు ఫిర్యాదులో రెండూ సైబర్ నేరాలే. కానీ రెండింటికీ తీసుకోవాల్సిన జాగ్రత్తలు వేరు, డబ్బు తిరిగి రావడానికి ఉన్న హక్కులూ వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఎంతోమంది మొదటిదానికి తాళం వేసి, రెండోదానికి తలుపు బార్లా తెరిచి పెడుతున్నారు.

తెలియకుండా పోయేది

ఈ రకంలో ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా తిరుగుతున్నది ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది. పేరు 'పీఎం కిసాన్' అనో, 'ఆర్టీవో చలాన్' అనో, 'పెళ్లి శుభలేఖ' అనో, 'కేవైసీ అప్‌డేట్' అనో ఉంటుంది. శుభలేఖే కదా అని నొక్కితే ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది: ఇది ప్లే స్టోర్‌లోది కాదు, ఇన్‌స్టాల్ చేయమంటారా అని. తొందరలో 'అలో' నొక్కేస్తాం. ఆ తర్వాత అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అదీ ఇచ్చేస్తాం. అంతటితో స్క్రీన్ మీద దాని గుర్తు కూడా మాయమవుతుంది. ఏమీ జరగలేదనుకుని ఫోన్ పక్కన పెడతాం. లోపల మాత్రం ఆ క్షణం నుంచి వచ్చే ప్రతి మెసేజ్ కాపీ మోసగాడికి చేరుతూ ఉంటుంది. ఇక ఓటీపీ చెప్పమని మనల్ని అడగాల్సిన అవసరం వాడికేముంది?

వీటిలో కొన్ని ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. పథకం డబ్బు జమ కావాలంటే వివరాలు నింపండంటూ ఒక ఫారం చూపిస్తాయి. అందులో డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతాయి. కార్డు నంబర్ మొత్తం అడగలేదు కదా అని ధైర్యంగా ఇచ్చేస్తాం. కొత్తగా యూపీఐ పిన్ పెట్టుకోవడానికి కావలసింది సరిగ్గా ఆ ఆరు అంకెలు, గడువు తేదీ, ఒక ఓటీపీ. ఓటీపీ ఎలాగూ వాడికి వెళ్తోంది. పైగా మన ఫోన్‌లోని వాట్సాప్ నుంచే అదే ఫైల్ మన బంధువులకు, కాలేజీ గ్రూపుకు, అపార్ట్‌మెంట్ గ్రూపుకు వెళ్లిపోతుంది. అందుకే అది తెలిసినవాళ్ల దగ్గర నుంచి వస్తుంది.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ప్రభుత్వ పథకమైనా, బ్యాంకైనా, ట్రాఫిక్ చలానైనా యాప్‌ను వాట్సాప్‌లో ఫైల్‌గా పంపరు. ఫోన్ సెట్టింగ్స్‌లో తెలియని చోట నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతిని వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఆపేసి పెట్టవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈ పని పిల్లలే కూర్చుని చేసిపెట్టాలి. ఇప్పటికే నొక్కేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపేయాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, కార్డు, యూపీఐ బ్లాక్ చేయించాలి. ఆ తర్వాతే ఫోన్‌ను రీసెట్ చేయించాలి. చాలామంది కంగారులో మొదట ఆ యాప్‌ను తీసేయడానికి ప్రయత్నిస్తారు. ఈలోపు డబ్బు వెళ్లిపోతుంది.

తెలియకుండా పోయే దారుల్లోనే రెండోది వేలిముద్ర. పల్లెల్లో బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబర్ చెప్పి, వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి ఉంది కదా, దానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. వేలిముద్ర నకలు చేయగలిగితే చాలు. అలా చేయవచ్చని తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల మీదున్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత అదే పద్ధతిలో ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలూ పట్టుబడ్డాయి. పొలం అమ్మినందుకు, కొన్నందుకు ఖాతా ఖాళీ అవుతుందని ఏ రైతు ఊహిస్తాడు? దీన్ని ఆపడానికి ఉచితంగా ఒక సౌకర్యం ఉంది. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. రేషన్‌కో, పింఛనుకో వేలు పెట్టాల్సి వస్తే అప్పటికప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. ఇంత మంచి సౌకర్యం గురించి ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ పెద్ద అక్షరాల బోర్డు కనిపించకపోవడం బాధాకరం.

మూడోది ఫోన్ నంబర్. విదేశాలకు వెళ్లిన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఇది. అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లాక ఇక్కడి నంబర్ రీచార్జ్ చేయడం మానేస్తారు. కనెక్షన్ రద్దయి 90 రోజులు గడిస్తే కంపెనీ ఆ నంబర్‌ను ఇంకొకరికి ఇవ్వవచ్చు. బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్ మాత్రం ఇంకా ఆ పాత నంబర్‌తోనే ఉంటాయి. ఇక ఓటీపీలు కొత్త మనిషికి వెళ్తాయి. ఆ మనిషి మంచివాడే కావచ్చు, కానీ మన ఖాతా భద్రత వాడి మంచితనం మీద ఆధారపడటం ఏమిటి? ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉంటున్నవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం పెట్టుకునేది) ఉన్నవాళ్లు విదేశీ నంబర్‌ను నమోదు చేయించుకోవాలి, లేదంటే ఇక్కడి సిమ్‌ను బతికించి పెట్టుకోవాలి. ఇక్కడ ఉన్నవాళ్లు కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో తమ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుని, తమవి కానివాటిని అక్కడే రిపోర్ట్ చేయవచ్చు. ఫోన్ పోయినా బ్లాక్ చేయించేది అక్కడే.

కార్డుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేసి చెల్లించడం వంటివాటిని బ్యాంకు యాప్‌లో మనమే ఆపుకోవచ్చు, పరిమితి పెట్టుకోవచ్చు. 2020 నుంచి ఆర్బీఐ దీన్ని తప్పనిసరి చేసింది. వాడనివన్నీ ఆపేస్తే సరిపోతుంది.

మనమే పంపేది

అసలు పెద్ద మొత్తాలు పోతున్నది ఇక్కడ. డిజిటల్ అరెస్ట్, స్టాక్ మార్కెట్ గ్రూపులు, ఇంట్లో కూర్చుని చిన్న పనులు చేస్తే డబ్బిస్తామనే టాస్క్ ఉద్యోగాలు, పెళ్లి సంబంధాల పేరుతో పరిచయాలు. వీటిలో ఎవరూ ఓటీపీ అడగరు. తాళం పగలగొట్టరు. మన చేతే తీయిస్తారు.

డిజిటల్ అరెస్ట్ ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఉదయం పదింటికో పదకొండింటికో ఫోన్ వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే వేళ. మీ పేరు మీద వెళ్తున్న పార్సిల్‌లో మత్తుమందు దొరికిందంటారు. లేదా మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలోంచి మనీలాండరింగ్ జరిగిందంటారు. మన ఆధార్ నంబర్, చిరునామా వాళ్లే చదివి వినిపిస్తారు. అక్కడితో సగం నమ్మకం కుదురుతుంది. తర్వాత వీడియో కాల్. ఎదురుగా యూనిఫాంలో మనిషి, వెనక జెండా, గోడ మీద అశోక చిహ్నం. సీబీఐ పేరుతో నోటీసు, సుప్రీంకోర్టు సీలుతో ఉత్తర్వు వాట్సాప్‌లో వచ్చేస్తాయి. అరుస్తూ బెదిరించేవాడు ఒకడు, 'మీరు పెద్దమనిషిలా ఉన్నారండీ, మిమ్మల్ని బయటపడేయాలని చూస్తున్నా' అని మెత్తగా మాట్లాడేవాడు ఇంకొకడు. ఆఖరికి అసలు మాట వస్తుంది: మీ డబ్బంతా ఆర్బీఐ వెరిఫికేషన్ ఖాతాకు పంపండి, మచ్చలేనిదని తేలితే రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది.

ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైన షరతు డబ్బు పంపమనడం కూడా కాదు. 'కెమెరా ఆపకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు' అన్న షరతు. మోసం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. పక్క గదిలో ఉన్న కొడుకుకో, పక్కింటి మాస్టారికో ఒక్క మాట చెబితే ఆ నాటకం అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ సంగతి మోసగాళ్లకు బాగా తెలుసు, అందుకే గంటలు కాదు, రోజుల తరబడి వీడియో కాల్‌లోనే కూర్చోబెడతారు.

చదువుకోనివాళ్లే పడతారన్నది తప్పు అభిప్రాయం. 2024 ఆగస్టులో వర్ధమాన్ గ్రూప్ అధిపతి ఎస్.పి. ఓస్వాల్ ఈ పద్ధతిలోనే 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. ఆయన కోసం ఏకంగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేరుతో నకిలీ విచారణే నడిపారు. దేశంలోనే పేరున్న వ్యాపారవేత్తకు ఇలా జరిగింది. అలాంటప్పుడు రిటైరైన టీచరమ్మను 'అంత మాత్రం తెలియదా' అని నిలదీయడం ఎంత అన్యాయం! భయపడినవాళ్లను చూసి నవ్వే అలవాటు వల్లే బాధితులు నోరు మూసుకుంటున్నారు. నోరు మూసుకున్న ప్రతి గంటా మోసగాడికి లాభం.

మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేది ఎక్కడా లేదు. ప్రధాని 2024 అక్టోబర్ 27న రేడియోలో ఇదే చెప్పారు. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ మోసాలపై తనంతట తానే విచారణ చేపట్టింది, డిసెంబర్‌లో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అయినా ఫోన్లు ఆగలేదు.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇంకో రకం భయం పెడతారు. మీ అబ్బాయి అక్కడ కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు కడితే వదిలేస్తారని. అక్కడ అర్ధరాత్రి అయ్యే వేళ చూసి చేస్తారు, తల్లిదండ్రులు ఫోన్ చేసినా పిల్లలు ఎత్తరు. ఇలాంటి ఇళ్లలో ముందే ఒక మాట అనుకుని పెట్టుకోవాలి: ఎంత రాత్రయినా ఇలాంటిది వస్తే ఫోన్ చేయండి, నేను ఎత్తకపోతే ఫలానా బాబాయికో, ఫలానా స్నేహితుడికో చేయండి, డబ్బు మాత్రం పంపకండి. పిల్లలు ఫోన్ చేసిన ప్రతిసారీ 'భోంచేశారా, మందులు వేసుకున్నారా' అని అడుగుతారు. ఆ వరసలో ఈ మాట ఒక్కసారి కూడా రాదు.

స్టాక్ మార్కెట్ గ్రూపుల తీరు వేరు. అక్కడ భయం ఉండదు, ఆశ ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో వందమంది సభ్యులుంటారు, అందులో తొంభైమంది వాళ్ల మనుషులే కావచ్చు. రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెడతారు. మొదట పదివేలు పెడితే పన్నెండు వేలు నిజంగానే ఖాతాలోకి వస్తాయి. ఆ రెండు వేలే ఎర. తర్వాత యాప్‌లో లక్షలు కనిపిస్తాయి, తీసుకోబోతే ముందు పన్ను కట్టాలంటారు. ఇక్కడ పట్టుకోవడానికి ఒక గట్టి గుర్తుంది. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ దగ్గర నమోదైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు 2025 అక్టోబర్ నుంచి ప్రత్యేకమైన యూపీఐ ఐడీలు ఉన్నాయి. వాటిలో 'వ్యాలిడ్' అనే మాట, బ్యాంకు పేరు కలిసి ఉంటాయి, చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది. అది లేకుండా ఏదో ఊళ్లో ఏదో ట్రేడర్స్ పేరుతో ఉన్న కరెంట్ ఖాతాకు పంపమన్నారంటే అది షేర్ మార్కెట్ కాదు.

పంపే ముందు కనిపించే పేరు చదవడం ఇప్పుడు బాగా పనికొస్తుంది. 2025 మధ్య నుంచి యూపీఐ యాప్‌లు అవతలివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు కాకుండా బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరే చూపించాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లోనూ ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు వచ్చింది. ఆర్బీఐ వెరిఫికేషన్ ఖాతా అని చెప్పి, తీరా చూస్తే ఎవరిదో వ్యక్తి పేరు వస్తే అక్కడే వేలు వెనక్కి తీసుకోవాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టనక్కర్లేదన్నది కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పిన్ అడిగిందంటే డబ్బు పోతోందనే అర్థం. వ్యక్తుల మధ్య 'రిక్వెస్ట్ మనీ' పద్ధతినే 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. జనానికి ఎన్ని హెచ్చరికలు పంపినా ఆగని ఒక మోసం, వ్యవస్థలో ఒక మీట ఆపగానే చాలావరకు ఆగిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది.

మరి మనమే పంపేసే డబ్బుకు కాపలా ఎలా? భయంలో, ఆశలో ఉన్నప్పుడు మన తెలివి మనకు తోడు రాదు. కాబట్టి మనసు కుదురుగా ఉన్న రోజే ఏర్పాట్లు చేసుకోవాలి. యూపీఐకి ఒక చిన్న ఖాతా వేరుగా పెట్టుకుని, నెల ఖర్చుకు సరిపడా మాత్రమే అందులో ఉంచడం మొదటిది. జీతమో, పింఛనో, పొలం అమ్మిన డబ్బో ఉన్న ఖాతాకు యూపీఐ కలపకూడదు. నెట్ బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితిని వీలైనంత తగ్గించి పెట్టాలి. పెద్దవాళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లను ఇద్దరి పేరు మీద, ఇద్దరూ సంతకం పెడితేనే తీసే పద్ధతిలో ఉంచవచ్చు. 'ఎవరైనా ఒకరు' అనే పద్ధతి సౌకర్యమే, కానీ వీడియో కాల్ ముందు ఒంటరిగా కూర్చున్న మనిషికి రెండో సంతకమే రక్షణ. దీనివల్ల అత్యవసరంలో కొంత ఇబ్బంది ఉంటుంది, నిజమే. ఆసుపత్రి ఖర్చుకు కొంత మొత్తం విడిగా ఉంచుకుంటే ఆ ఇబ్బందీ తగ్గుతుంది.

బ్యాంకు నుంచే ఫోన్ వచ్చిందో కాదో తెలుసుకునే గుర్తులు కూడా ఇప్పుడు కొన్ని వచ్చాయి. బ్యాంకులు సేవల కోసం చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, ప్రచార కాల్స్‌కు 140. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి 'మీ కేవైసీ ఆగిపోయింది' అని ఎవరైనా అంటే పెట్టేయడమే. బ్యాంకుల వెబ్‌సైట్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని ఆర్బీఐ ఆదేశించింది, ఆ చిరునామా బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ దొరకదు. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకడం మాత్రం మానేయాలి. కార్డు వెనకాల, పాస్‌బుక్ మీద ఉన్న నంబరే నమ్మదగ్గది.

ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది?

ప్రతి మోసానికీ ఒక ఖాతా కావాలి. మోసగాడు తన పేరు మీద ఖాతా తెరుచుకోడు. అద్దెకు తీసుకుంటాడు. కమీషన్ ఇస్తామని ఆశ పెట్టి ఆటో డ్రైవర్ల చేత, కాలేజీ విద్యార్థుల చేత ఖాతాలు తెరిపించి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ మూడూ తీసేసుకుంటారు. వీటినే పోలీసులు మ్యూల్ ఖాతాలు అంటారు. 2024లో హైదరాబాద్ షంషీర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో ఆరే ఆరు ఖాతాల ద్వారా 175 కోట్ల రూపాయలు మళ్లాయని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో బయటపెట్టింది. ఆటో డ్రైవర్లతో మొదలైన అరెస్టులు ఆ శాఖ మేనేజర్ దాకా వెళ్లాయి. ఒక చిన్న ఖాతాలోకి కోట్లు వచ్చి గంటల్లో వెళ్లిపోతుంటే అది కనిపించాల్సింది ముందు బ్యాంకుకే.

ఫోన్ చేసే గొంతులు కూడా చాలాసార్లు దేశం బయటివి. కంబోడియా, మయన్మార్‌లలో ఇందుకోసమే నడిచే స్థావరాలున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన మన కుర్రాళ్లను అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని ఈ పనిలో పెడుతున్నారు. 2024లో విశాఖపట్నం పోలీసులు అలా పంపిన ఏజెంట్లను పట్టుకున్నాక, ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్ని ఈ వలలో చిక్కాయో తెలిసింది. ఫోన్‌కు ఇటు పక్క ఒక తెలుగు తండ్రి, అటు పక్క కొట్టి కూర్చోబెట్టిన ఒక తెలుగు కుర్రాడు ఉండటం అసాధ్యమేమీ కాదు.

నష్టం ఎవరిది?

మొదట చెప్పిన తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. 2017 జూలై 6న ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీలో తప్పు బ్యాంకుదైతే నష్టమంతా బ్యాంకుదే. తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే మనకు రూపాయి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మన వంతు నష్టానికి పరిమితి ఉంటుంది, మామూలు పొదుపు ఖాతాకు అది 10,000 రూపాయలు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో జమ చూపాలి. తప్పు కస్టమర్‌దేనని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకు మీదే. కౌంటర్‌లో 'మీరే ఎక్కడో చెప్పి ఉంటారు' అని కొట్టిపారేస్తే, రుజువు చూపమని అడిగే హక్కు మనకుంది. ఒకవేళ పొరపాటు మనదే అయినా, ఫిర్యాదు చేసిన తర్వాత పోయిన డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. అందుకే ఫిర్యాదు చేసిన సమయం కాగితం మీద ఉండాలి.

మనమే పిన్ కొట్టి పంపిన డబ్బు విషయంలో మాత్రం ఆ సర్క్యులర్ పెద్దగా ఆదుకోదు, ఎందుకంటే కాగితం మీద అది మన అనుమతితో జరిగిన లావాదేవీ. కణతకు తుపాకీ పెట్టి సంతకం చేయిస్తే ఆ సంతకం చెల్లదంటాం. భయపెట్టి పిన్ కొట్టిస్తే మాత్రం మీరే పంపారుగా అంటున్నాం. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా మోసపోయి పంపిన డబ్బును కూడా 85,000 పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలి. ఆ రెండో సగంలోనే అసలు కిటుకు ఉంది. మ్యూల్ ఖాతా తెరిచిన బ్యాంకు జేబుకు చిల్లు పడితే తప్ప కేవైసీని గట్టిగా చూడాలన్న పట్టుదల రాదు. మన దగ్గరా భారం పంచే పద్ధతి రావాలి.

బ్యాంకు మనిషి అడ్డుపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2024లో హైదరాబాద్‌లో ఒక పెద్దాయన డిజిటల్ అరెస్ట్ భయంతో 13 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసేయడానికి బ్యాంకుకు వచ్చారు. కారణం సరిగ్గా చెప్పలేకపోతున్నారని సిబ్బందికి అనుమానం వచ్చింది. కూర్చోబెట్టి మాట్లాడారు, సైబర్ హెల్ప్‌లైన్‌తో మాట్లాడించారు. డబ్బు నిలిచింది. అలాంటి ఉద్యోగులకు శాలువా కప్పడంతో సరిపెట్టకుండా, పెద్ద వయసువాళ్లు ఒక్కసారిగా డిపాజిట్లన్నీ తీస్తుంటే నాలుగు ప్రశ్నలు అడగడం ప్రతి శాఖలో పద్ధతి కావాలి.

పోయిన తర్వాత

డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. అక్కడి నుంచి రెండో అంచె, మూడో అంచె ఖాతాలకు ముక్కలుగా వెళ్లి, ఏటీఎంలలో నగదుగానో, క్రిప్టోగానో మారిపోతుంది. నగదుగా మారేలోపు పట్టుకుంటేనే ఆశ. అందుకే మొదటి గంట అంత ముఖ్యం. చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. స్టేషన్ ఎక్కడ, ఏ పరిధి అన్న టెన్షన్ అప్పుడు పెట్టుకోనక్కర్లేదు. వాళ్లు అడిగేవి: ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత మొత్తం, ఏ సమయం, లావాదేవీ నంబర్. యూపీఐ అయితే ఆ నంబర్ 12 అంకెలు ఉంటుంది, యాప్ హిస్టరీలో దొరుకుతుంది. వివరాలు అందగానే ఆ డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్లి, మిగిలి ఉన్న మొత్తాన్ని హోల్డ్‌లో పెడతారు. ఓస్వాల్ కేసులో పోలీసులు వెంటనే కదలబట్టే 7 కోట్లలో 5 కోట్ల 25 లక్షలు దొరికాయి.

1930 లైన్ దొరకకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నేరుగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అదే సమయంలో బ్యాంకుకూ విడిగా చెప్పాలి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ కూడా పెట్టాలి. చాట్‌లు, కాల్ లాగ్, స్క్రీన్‌షాట్లు ఒక్కటీ డిలీట్ చేయకూడదు. సిగ్గుతోనో కోపంతోనో గ్రూపు మొత్తం తుడిచేసేవాళ్లున్నారు, దాంతో దర్యాప్తుకు పట్టుకోవడానికి కొస కూడా మిగలదు.

హోల్డ్‌లో పడిన డబ్బు దానంతట అది రాదు. తిరిగి ఇవ్వడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి, దాని కోసం ఫిర్యాదు నంబర్‌తో స్టేషన్‌ను అడుగుతూ ఉండాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి డబ్బు తిరిగి ఇప్పించారు. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి 14448.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు కొన్ని వారాల తర్వాత ఇంకో ఫోన్ రావచ్చు: సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే రేపే జమ అవుతుందని. పోగొట్టుకున్నవాళ్ల జాబితాలు కూడా అమ్ముడుపోతాయి. 1930 ఫిర్యాదుకు గానీ, పోలీసు రికవరీకి గానీ, అంబుడ్స్‌మన్‌కు గానీ ఒక్క రూపాయి ఫీజు కూడా లేదు.